వంద జీబీ గేమ్, రోజుకు ఒకటిన్నర జీబీ నెట్

పోయిన ఎండాకాలం దేవరకొండ దగ్గర మా అక్క వాళ్ల ఊరికి పోయాను. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఆమె కొడుకు ల్యాప్‌టాప్ ముందు దిగులుగా కూర్చుని ఉన్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో పనికి పోయి దాచుకున్న పైసలతో, ధర తగ్గినప్పుడు చూసి కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే యాప్‌లో జీటీఏ ఫైవ్ గేమ్ కొనుక్కున్నాడు. కొన్నాడు గానీ ఆడే యోగం ఇంకా రాలేదు. "మామా, నెట్ మస్తు స్లో ఉంది. పెట్టి మూడు రోజులైంది, నాలుగు శాతమే ఎక్కింది" అన్నాడు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపిస్తున్నాడు. ఆ రాత్రి పన్నెండు దాటి ఆ రోజు డేటా కొత్తగా పడ్డాక, వాడి ఫోన్‌లోనే స్పీడ్ టెస్ట్ పెట్టి చూశాను. 18 ఎంబీపీఎస్ చూపించింది. ఊరి చివర ఇంట్లో అది మంచి స్పీడే. ఆ లెక్కన ఆగకుండా వస్తే వంద జీబీ గేమ్ పన్నెండున్నర గంటల్లో దిగిపోవాలి. మరి మూడు రోజులైనా నాలుగు శాతం దగ్గరే ఎందుకు ఉంది?

జవాబు వాడి రీచార్జ్ ప్లాన్‌లో ఉంది. రోజుకు 1.5 జీబీ. 18 ఎంబీపీఎస్ స్పీడులో ఆ ఒకటిన్నర జీబీ పదకొండు నిమిషాల్లో ఖర్చయిపోతుంది. ఆ తర్వాత రోజంతా 64 కేబీపీఎస్. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఆ ధార మీద ఒక్క జీబీ రావాలంటే 34 గంటలు దాటుతుంది. రోజంతా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచినా 700 ఎంబీకి మించి రాదు, అదీ మధ్యలో ఒక్కసారి కూడా తెగకపోతేనే. రోజుకు పదకొండు నిమిషాలు మంచి నెట్, మిగతా ఇరవై మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలు దాదాపు ఏమీ లేనట్టే. దీన్ని వాడు "నెట్ స్లో" అంటున్నాడు. వాడే కాదు, ఊళ్లలో అందరం ఆ ఒక్క మాటే అంటాం. ఆ మాటలో మూడు వేర్వేరు రోగాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పని చేయదు.

బోరు బావి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బోరు ఎన్ని ఇంచులు పోస్తుందనేది ఒక సంగతి. కరెంటు రోజుకు ఎన్ని గంటలు ఇస్తారనేది ఇంకో సంగతి. ఇచ్చిన గంటల్లో మోటరు ఎన్నిసార్లు ట్రిప్పవుతుందనేది మూడోది. నెట్‌లో స్పీడు అంటే ఇంచులు, డేటా లిమిట్ అంటే కరెంటు గంటలు, కనెక్షన్ తెగిపోవడం అంటే మోటరు ఆగిపోవడం. రెండించుల బోరు ఉన్నా కరెంటు పదకొండు నిమిషాలే ఇస్తే మడి తడవదు. అప్పుడు బోరును తిట్టి లాభం లేదు.

ఇంచుల లెక్క

ముందు స్పీడు సంగతి. నెట్ కంపెనీలు చెప్పేది బిట్లలో, గేమ్ సైజు రాసేది బైట్లలో. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. మాటల్లో రెండింటినీ "ఎంబీ" అనే అనేస్తాం, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. 18 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 18 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 2.25 మెగాబైట్లు. స్టీమ్ మామూలుగా స్పీడును బైట్లలో చూపిస్తుంది. అందుకే స్పీడ్ టెస్ట్‌లో 18 కనిపించి స్టీమ్‌లో 2.2 కనిపిస్తే ఎవరో మన నెట్ గుంజుకుంటున్నారని అనుకుంటాం. ఎవరూ గుంజుకోవడం లేదు, రెండూ ఒక్కటే. కావాలంటే స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కిందికి పోయి బిట్లలో చూపించమని మార్చుకోవచ్చు.

ఈ లెక్క పట్టుకుంటే ఏ గేమ్ ఎంతసేపు పడుతుందో ముందే చెప్పొచ్చు. జీబీలను 8,000తో గుణిస్తే మెగాబిట్లు వస్తాయి, దాన్ని మన స్పీడుతో భాగిస్తే సెకన్లు. వంద జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ ఫైబర్ మీద రెండుంపావు గంటలు, 40 మీద ఐదున్నర గంటలు, 10 మీద 22 గంటలు. 2 ఎంబీపీఎస్ మీదైతే నాలుగు రోజుల పదిహేను గంటలు, ఒక్క నిమిషం ఆగకుండా. ఈ రెండును ఊరికే తీసుకోలేదు. 2023 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి ఉండాల్సిన కనీస స్పీడుగా ఖరారు చేసింది అదే. అంతకుముందు పదేళ్లపాటు అది 512 కేబీపీఎస్.

మొబైల్ నెట్ స్పీడు రోజంతా ఒకేలా ఉండదు. ఒక టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ అదే ధారను పంచుకుంటాయి. సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంది, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజైతే ఇంక చెప్పక్కర్లేదు. రాత్రి ఒంటిగంట దాటాక అదే ఫోన్, అదే చోట రెండు మూడింతల స్పీడు రావడం నేను చాలాసార్లు చూశాను. ఫోన్ ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యం. అచ్చంపేట దాటి మన్ననూర్, అమ్రాబాద్ వైపు గుట్టల నడుమ ఊళ్లలో సిగ్నల్ దొరికే చోటు ఇంటింటికీ తెలుసు. మైదానపు ఊళ్లలో మాత్రం ఫోన్‌ను కాంక్రీటు గది మధ్యలో టేబుల్ మీద పెట్టి నెట్ రావడం లేదంటాం. టవర్ వైపు కిటికీలో పెడితే తేడా తెలుస్తుంది.

హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం, పెట్టుకోమని గట్టిగా చెబుతాను. వైఫై గోల ఉండదు, ఫోన్ చార్జింగ్ కూడా అవుతుంది. మన నల్లగొండ ఎండల్లో ఇంకో సమస్య ఉంది. 44 డిగ్రీల వేడిలో గంటల తరబడి హాట్‌స్పాట్ నడిపితే ఫోన్ బాగా వేడెక్కిపోతుంది, తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. వెనక కవర్ తీసి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి.

ఒక్కోసారి నెట్ తప్పేమీ ఉండదు. స్టీమ్‌లో డౌన్‌లోడ్ గీత సున్నాకు పడిపోయి, పక్కన డిస్కు గీత పైకి లేచి ఉంటే, వచ్చిన డేటాను విప్పి డిస్కు మీద రాస్తోందని అర్థం. పాత హార్డ్‌డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. అక్కడ పాజ్ చేసి మళ్లీ మొదలుపెట్టడం, రూటర్ ఆపి వేయడం దండగ. దాన్ని అలా వదిలేయాలి.

కరెంటు గంటల లెక్క

మా మేనల్లుడి అసలు రోగం ఇది. 28 రోజుల ప్లాన్‌లో రోజుకు 1.5 జీబీ అంటే మొత్తం 42 జీబీ. గేమ్ వంద దాటి ఉంది. వీడియో కాల్ లేదు, పాటలు లేవు, చదువుకు కూడా వాడనని ఒట్టు పెట్టుకున్నా 67 రోజులు పడుతుంది, రెండు రీచార్జ్‌లు పూర్తిగా, మూడోదాంట్లో సగం దాకా. ఇంట్లో ముగ్గురి ఫోన్ల డేటా కలిపి పోస్తే 23 రోజులు. చాలా ఇళ్లలో పిల్లలు చేస్తున్నది అదే. అమ్మ ఫోన్ రాత్రి తీసుకుంటారు, తెల్లారి ఆమె వాట్సాప్ తెరిస్తే ఫొటో కూడా దిగదు.

తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు రాత్రి ఇస్తే రాత్రే టార్చిలైటు పట్టుకుని పొలం కాడికి పోయి మోటరు వేసిన తరం మా నాయనది. మేనల్లుడు రాత్రి పన్నెండు దాకా మేలుకొని డేటా ఎప్పుడు పడుతుందా అని చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. వాడు కనిపెట్టిన చిట్కా సరైందే. పదకొండున్నరకు మొదలుపెడితే ఆ రోజు మిగిలినది, పన్నెండు తర్వాత కొత్త రోజుది, రెండూ ఒకే దెబ్బకు దిగుతాయి.

అంతకంటే మేలైన దారి ప్లాన్ మార్చడం. కొన్ని ప్లాన్లలో రాత్రి పన్నెండు నుంచి ఉదయం ఆరు దాకా వాడిన డేటాను లెక్కలోకి తీసుకోరు. 18 ఎంబీపీఎస్‌తో ఆరు గంటలంటే 48 జీబీకి పైనే. వంద జీబీ గేమ్ రెండు రాత్రులు, ఇంకొంచెం సేపు. కొన్ని ప్లాన్లలో 5జీ సిగ్నల్ ఉన్న చోట డేటాకు రోజువారీ లిమిట్ లేదు. ఫోన్‌లో 5జీ ఉండి, ఊళ్లో లేకపోయినా మండల కేంద్రంలో ఉంటే, అక్కడ చుట్టాలింట్లో ఒక రాత్రి పడుకుంటే పని అయిపోతుంది. గేమ్ కొనే ముందే ఈ రెండూ అడిగి తెలుసుకోవాలి. మా వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఉన్న డేటాలో దొంగలు ఎవరో చూడటం కూడా ముఖ్యం. హాట్‌స్పాట్ తగలగానే విండోస్ తన అప్‌డేట్లు మొదలుపెడుతుంది. వాడి ల్యాప్‌టాప్‌లో ఆ మూడు రోజుల్లో విండోస్ కూడా తన వాటా తినేసింది. సెట్టింగ్స్‌లో ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్ (డేటాకు లెక్క ఉన్న నెట్) అని గుర్తు పెడితే విండోస్ అప్‌డేట్లు చాలా వరకు ఆగుతాయి. గేములు దించి నడిపించే స్టీమ్ లాంటి లాంచర్లన్నీ ఈ గుర్తును పట్టించుకుంటాయని మాత్రం అనుకోవద్దు. స్టీమ్‌కు విడిగా చెప్పాలి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఏ గంట నుంచి ఏ గంట దాకా చేసుకోవాలో, స్పీడు ఎంతకు మించకూడదో దాని డౌన్‌లోడ్ సెట్టింగుల్లోనే పెట్టొచ్చు.

మోటరు ట్రిప్పయితే

మధ్యలో కనెక్షన్ తెగిపోవడం పిల్లలు భయపడినంత పెద్ద సమస్య కాదు. బ్రౌజర్‌లో ఒక పెద్ద ఫైలు దించుతుంటే 90 శాతం దగ్గర తెగిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలైన చేదు అనుభవం చాలామందికి ఉంటుంది. లాంచర్ల పద్ధతి వేరు. స్టీమ్ గేమ్‌ను ఒక్క ముద్దగా పంపదు, సుమారు ఒక ఎంబీ చొప్పున ముక్కలు చేసి పంపుతుంది. ప్రతి ముక్కకూ దాని లోపలి డేటా నుంచే లెక్కగట్టిన ఒక గుర్తు ఉంటుంది. ముక్క అందాక మళ్లీ లెక్కగట్టి ఆ గుర్తుతో సరిపోతేనే తీసుకుంటుంది. కరెంటు పోయినా, సిగ్నల్ తెగినా, ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయినా పోయేది అప్పుడు దారిలో ఉన్న ఆ కొన్ని ముక్కలే. కాబట్టి టెన్షన్ లేకుండా పాజ్ చేయొచ్చు, షట్‌డౌన్ చేయొచ్చు, వారం తర్వాత మళ్లీ మొదలుపెట్టొచ్చు. చేయకూడనిది ఒక్కటే, విసుగొచ్చి డౌన్‌లోడ్‌ను పూర్తిగా తీసేయడం.

గేములు ఇంత పెద్దగా ఎందుకున్నాయి?

జీటీఏ ఫైవ్ 2015లో పీసీకి వచ్చినప్పుడు 65 జీబీ ఖాళీ కావాలన్నారు. డబ్బాలో కొన్నవాళ్లకు ఏడు డీవీడీలు వచ్చేవి. ఇప్పుడు వంద దాటింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, బాల్డర్స్ గేట్ 3 ఒక్కోటి 150 జీబీ అడుగుతాయి. ఆట నియమాలు రాసిన ప్రోగ్రాం అందులో చాలా చిన్న భాగం. బరువంతా బొమ్మలది, చప్పుళ్లది.

గేమ్‌లో కనిపించే ప్రతి గోడకూ, చొక్కాకూ, రాతికీ పైన తొడిగే ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని టెక్స్చర్ అంటారు. అడ్డంగా 4,096, నిలువుగా 4,096 చుక్కలున్న ఒక టెక్స్చర్ కుదించకముందు 64 ఎంబీ ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు నేరుగా చదవగల పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీ అవుతుంది. కొలతలు సగం చేసి 2,048 పెడితే నాలుగే ఎంబీ. కొలత సగమైతే బరువు నాలుగో వంతు. ఒక పాత్రకే మూడు నాలుగు టెక్స్చర్లు, గేమ్‌లో వేల వస్తువులు. 4కే టీవీ ఉన్నవాడి కోసం తయారు చేసిన ఆ బొమ్మలన్నీ, పదిహేను అంగుళాల పాత ల్యాప్‌టాప్‌లో లో సెట్టింగ్స్‌లో ఆడే మా వాడు కూడా దించుకోవాల్సిందే. వాడు వాటిని ఎప్పటికీ చూడడు. నాకు బాధ కలిగించేది ఇదే. పెద్ద బొమ్మలను విడి డౌన్‌లోడ్‌గా పెట్టి, కావాల్సినవాళ్లు తీసుకోండి అనే గేములు కొన్ని ఉన్నాయి. ఫోన్ గేముల్లో ఇది ఎప్పుడో మొదలైంది. బీజీఎంఐ మొదటిసారి తెరిచినప్పుడు తక్కువ స్థాయి ఫోన్లకు చిన్న ప్యాక్, లేదంటే పెద్ద ప్యాక్ ఎంచుకోమంటుంది, మ్యాపులు కూడా విడివిడిగా దించుకోవచ్చు. పీసీలో అందరూ అలా చేయకపోవడానికి గట్టి కారణం నాకు కనిపించదు.

చప్పుళ్ల కథ ఇంకా విచిత్రం. 2014లో టైటాన్‌ఫాల్ పీసీలో 48 జీబీ ఉంటే అందులో 35 జీబీ కుదించని ఆడియోనే. పాత ప్రాసెసర్లు ఆడుతూ ఆడుతూ ఆడియోను విప్పడానికి కష్టపడకూడదని అలా పెట్టామని తయారు చేసినవాళ్లు చెప్పారు. అంటే ప్రాసెసర్ కష్టాన్ని తీసి నెట్ మీద వేశారు. నెట్ బాగా ఉన్నవాడికి అది లాభం, లేనివాడికి భారం.

ఇలాంటి నిర్ణయాలను వెనక్కి తీసుకోవచ్చని 2025 చివర్లో రుజువైంది. హెల్‌డైవర్స్ 2 పీసీలో 150 జీబీ దాటి పెరిగిపోయింది. కారణం ఏమిటంటే, ఒకే డేటాను చాలా చోట్ల కాపీలుగా పెట్టారు. తిరిగే పాత హార్డ్‌డిస్కులో ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దుంకడానికి సమయం పడుతుంది, పక్కపక్కనే కాపీలుంటే తొందరగా చదువుతుంది. ఆ కాపీలు తీసేస్తే హార్డ్‌డిస్కు వాడేవాళ్లకు లోడింగ్ చాలా రెట్లు పెరుగుతుందని మొదట భయపడ్డారు. కొలిచి చూస్తే తేడా కొన్ని సెకన్లే. కాపీలన్నీ తీసేశాక గేమ్ 23 జీబీకి దిగింది. ఒక్క బొమ్మ తగ్గలేదు. రోజుకు ఒకటిన్నర జీబీ ఉన్న పిల్లవాడికి వంద రోజుల పని పదహారు రోజులకు వచ్చింది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. "హైలీ కంప్రెస్డ్, వంద జీబీ గేమ్ ఐదు జీబీలో" అని ఊరించే వీడియోలు, లింకులు మన పిల్లల ఫోన్లలో ఎన్నో. బొమ్మలు, ఆడియో, వీడియో చాలావరకు ముందే ఒకసారి కుదించినవి. ఫొటోల ఫోల్డర్‌ను జిప్ చేసి చూడండి, సైజు దాదాపు మారదు. కుదించినదాన్ని మళ్లీ మళ్లీ కుదించలేం. ఐదు జీబీలో వంద జీబీ ఇస్తామంటే చాలా భాగం తీసేశారు, లేదా అది గేమే కాదు. మా వాడి దోస్తు ఒకడు అలాంటిదే దించి నడిపిస్తే గేమ్ రాలేదు, ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ పోయింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోండి.

బోరు పోయనప్పుడు ట్యాంకర్

మన ఊళ్లలో బోరు ఎండిపోతే ఏం చేస్తాం? నీళ్లున్న చోట నింపుకుని ట్యాంకర్‌లో తెస్తాం. గేమ్ విషయంలో ఆ ట్యాంకర్ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.

ఒక టీబీ హార్డ్‌డిస్కు నింపుకుని హైదరాబాద్ ఇమ్లీబన్‌లో దేవరకొండ బస్సు ఎక్కారనుకుందాం. దాదాపు మూడు గంటల ప్రయాణం. ఒక టీబీ అంటే 80 లక్షల మెగాబిట్లు, మూడు గంటలంటే 10,800 సెకన్లు. భాగిస్తే 740 ఎంబీపీఎస్. మూడు గంటలపాటు ఎక్కడా తెగకుండా, డేటా లిమిట్ లేకుండా, టికెట్ పైసలతో అంత స్పీడు మన జిల్లాలో ఏ ప్లాన్ ఇస్తుంది? బస్సులో వచ్చే ఆ డిస్కును మనం చిన్నచూపు చూస్తున్నాం.

గేమ్ ఫైళ్లు కాపీ చేయడం దొంగతనమేమోనని మా వాడు సందేహపడ్డాడు. కాదు. ఫైళ్లు బియ్యం లాంటివైతే, ఆడే హక్కు రేషన్ కార్డు లాంటిది, అది మన అకౌంట్‌లో ఉంటుంది. కొనని గేమ్ ఫైళ్లు తెచ్చుకున్నా చాలావరకు అది తెరుచుకోదు. కొన్నదైతే ఫైళ్లు ఎక్కడి నుంచి వచ్చినా స్టీమ్‌కు అభ్యంతరం లేదు, బ్యాకప్ తీసుకునే సౌకర్యం అదే ఇస్తుంది.

చేసే పద్ధతి ఇది. గేమ్ ఉన్న కంప్యూటర్‌లో స్టీమ్ ఫోల్డర్ తెరిస్తే స్టీమ్‌యాప్స్ అని ఒకటి, దాని లోపల కామన్ అని ఇంకొకటి ఉంటుంది. అందులో గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను మొత్తం డిస్కులోకి కాపీ చేయాలి. మన కంప్యూటర్‌లో అదే చోట, అదే పేరుతో పెట్టాలి. తర్వాత స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే అది డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా ముందు అక్కడున్న ఫైళ్లను వెతుకుతుంది, ముక్క ముక్కకూ గుర్తు సరిచూసుకుంటుంది, తక్కువైనవి మాత్రమే దించుకుంటుంది. స్టీమ్ లాంటిదే ఇంకోటైన ఎపిక్ లాంచర్‌లో కొంచెం తిప్పలు పడాలి. ముందు మామూలుగా ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఒకటి రెండు శాతం రాగానే ఆపి, తెచ్చిన ఫైళ్లను ఆ ఫోల్డర్‌లో పోసి, మళ్లీ కొనసాగించాలి.

డిస్కు సంగతిలో రెండు జాగ్రత్తలు. పాత పెన్‌డ్రైవ్‌లు, డిస్కులు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, అందులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. ఖాళీ వంద జీబీ కనిపిస్తున్నా "ఫైలు చాలా పెద్దది" అని ఆగిపోతుంది. గేముల్లో అంత పెద్ద ఫైళ్లు మామూలే. ముందే ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఫార్మాట్ చేసుకోవాలి, అప్పుడు అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి పెళ్లి ఫొటోలుంటే పక్కన దాచుకోండి. రెండోది, డిస్కును లోపల నీలం రంగున్న యూఎస్‌బీ పోర్టుకు పెట్టండి, ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో 3.0 అదే. అక్కడ వంద జీబీ ఇరవై నిమిషాల్లో అయితే, పాత 2.0 పోర్టులో గంట పడుతుంది.

పక్కనే ఇంకో దారి ఉంది. 2023 నుంచి స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఒకే వైఫై కింద రెండు కంప్యూటర్లు ఉండి, రెంటిలోనూ స్టీమ్ తెరిచి ఉంటే, ఒకదాంట్లో ఉన్న గేమ్‌ను రెండోది దాని నుంచే తీసుకుంటుంది. స్నేహితుల మధ్య కూడా అనుమతి ఇవ్వొచ్చు. లాగిన్‌కు కొద్దిగా నెట్ కావాలి గానీ, గేమ్ బరువంతా ఆ గదిలోనే తిరుగుతుంది, డేటా ఖర్చు కాదు. రూటర్ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. హాస్టల్ గదుల్లో దీన్ని వాడకపోవడం అన్యాయం. ఒకడు దించితే మిగతా అందరికీ చాలు.

నేను హైదరాబాద్ వెళ్లినప్పుడు అదే గేమ్ ఉన్న స్నేహితుడి దగ్గర కాపీ చేసుకుని వచ్చాను. ఒక చోట తప్పు చేశాను. ఈ గేమ్‌కు 2025 మార్చి నుంచి పీసీలో రెండు వెర్షన్లు ఉన్నాయి, పాతది లెగసీ, కొత్తది ఎన్‌హాన్స్‌డ్. వాటి ఫైళ్లు ఒకటి కావు. మొదటిసారి నేను తెచ్చింది కొత్తది, వాడి ల్యాప్‌టాప్ నడపగలిగింది పాతది. మళ్లీ ఒక వారం ఆగాల్సి వచ్చింది. రెండోసారి పెట్టాక స్టీమ్ సరిచూసుకుని ఒక జీబీకి కాస్త ఎక్కువ దించమంది, కంపెనీ సొంత లాంచర్ ఇంకొన్ని వందల ఎంబీలు. రెండు రోజుల డేటాతో అయిపోయింది.

ఆడటానికి కావాల్సింది వేరు

"దించడానికే ఇంత కష్టమైతే ఆన్‌లైన్‌లో ఎట్ల ఆడతావురా" అని అక్క అడిగింది. మంచి ప్రశ్న. జవాబు చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. బొమ్మలు, చప్పుళ్లు అన్నీ దిగాక, ఆడేటప్పుడు నెట్ మీద పోయేది ఎవరు ఎక్కడున్నారు, ఏం చేశారు అన్న చిన్న చిన్న సమాచారమే. ఎక్కువ గేములకు గంటకు పదుల ఎంబీల నుంచి నూట యాభై ఎంబీ దాకా చాలు. అప్పుడు ముఖ్యం స్పీడు కాదు, కబురు పోయి రావడానికి పట్టే సమయం. దాన్నే పింగ్ అంటారు. ఆడుతున్నప్పుడు వెనక డౌన్‌లోడ్ నడుస్తుంటే ఆ చిన్న కబుర్లు పెద్ద డేటా వెనక లైన్‌లో నిలబడతాయి, పింగ్ వందల మిల్లీసెకండ్లకు పోతుంది. అందుకే ఆడేటప్పుడు ఇంట్లో ఏ డౌన్‌లోడూ ఉండకూడదు. క్లౌడ్ గేమింగ్ అయితే లెక్క తలకిందులు. దించేది ఏమీ ఉండదు గానీ ఆటంతా వీడియోగా వస్తుంది. 15 ఎంబీపీఎస్ వీడియో గంటకు ఆరున్నర జీబీ దాటుతుంది. రోజువారీ లిమిట్ ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

దించాక కూడా అప్‌డేట్లు ఉంటాయి. మారిన ముక్కలు మాత్రమే దించడం స్టీమ్ పద్ధతి కాబట్టి చాలాసార్లు అప్‌డేట్ చిన్నదే. కానీ గేమ్ చేసినవాళ్లు అన్నింటినీ పెద్ద పెద్ద ప్యాక్ ఫైళ్లలో కుక్కి, చిన్న మార్పుకే లోపలి వరస అంతా కదిలిస్తే, ముక్కలన్నీ కొత్తవిగా కనిపిస్తాయి. అప్పుడు ఒక్క తుపాకీ సరిచేసిన అప్‌డేట్ ఇరవై జీబీ అవుతుంది. కొనే ముందు ఆ గేమ్ అప్‌డేట్లు ఎంత సైజులో వస్తున్నాయో ఇప్పటికే ఆడుతున్నవాళ్లను అడగండి. మన దగ్గర ఒక గేమ్ నిలవాలా వద్దా అన్నది మొదటి డౌన్‌లోడ్ కంటే దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఊళ్లకు ఫైబర్ వస్తే ఈ తంటాల్లో సగం పోతాయి. పంచాయతీలకు ఫైబర్ ఇవ్వాలన్న కేంద్ర పథకం 2011 నాటిది, ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నాం. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఆ నీళ్ల పథకానికి 2015లో పైలాన్ కట్టింది మన చౌటుప్పల్‌లోనే. ఆ గొట్టాల మీద ఆధారపడిన టీ-ఫైబర్‌ను 2024 డిసెంబరులో ప్రయోగంగా మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాకా స్పీడు తగ్గించరు. మా వాడికి 1.5 జీబీ చొప్పున అంత డేటా రావడానికి ఆరేళ్లు పడుతుంది.

ఆ లైన్ అక్క వాళ్ల ఇంటిదాకా ఇంకా రాలేదు. ఈలోగా వాడు తన డిస్కును ఎక్స్‌ఫ్యాట్ చేసి, మీద మార్కర్‌తో లెగసీ అని రాసి పెట్టుకున్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే చందంపేట బస్సులో ఉన్నాడు. "దోస్తుగానికి గేమ్ ఎక్కియ్యనీకి పోతున్న మామా, వాని దగ్గర రెండు శాతం కాడ ఆగిపోయింది" అన్నాడు. డిస్కు కేబుల్ బ్యాగులో పెట్టుకున్నావా అని అడిగాను. ఒకటి కాదు, రెండు పెట్టుకున్నాడట.